కాల్చిన రైఫిల్ తూటా కేసును గురికి సిద్ధం చేయడం ఎలా

"కేసులు అద్దంలా మెరిసిపోతున్నాయి, పౌడర్ ఒక్కొక్కటీ తూకం వేసి పోస్తున్నాను, అయినా గ్రూపు (లక్ష్యం మీద రంధ్రాల గుంపు) ఎందుకు విచ్చుకుంటోంది?" నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే, మాటలే కాస్త అటూ ఇటూ. నేను తిరిగి నాలుగు ప్రశ్నలు వేస్తే బయటపడేది కూడా దాదాపు ఒకటే. రెండు మూడు రకాల కేసులు, అంటే తూటాల ఇత్తడి తొడుగులు, కలిసిపోయి ఉంటాయి. సైజింగ్ డైని (కాల్చిన కేసును నొక్కి మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) కొన్న రోజు ఎలా బిగించారో ఇప్పటికీ అలాగే ఉంటుంది. షోల్డర్ (బుల్లెట్ పట్టే సన్నటి నెక్ కింద ఏటవాలుగా వెడల్పయ్యే భాగం) ఎంత వెనక్కి వెళ్తోందో ఎప్పుడూ కొలిచి ఉండరు.

కేసు మెరవక్కర్లేదు. పక్క కేసులా ఉంటే చాలు. కింద చెప్పే పనులన్నీ దానికోసమే. వాటిలోనూ షోల్డర్ కొలత, నెక్ పట్టు (బుల్లెట్‌ను నెక్ బిగించి పట్టుకునే తీరు) అనే రెండిటికే అసలు ఫలితం ఉంటుంది. మిగతావి కొన్ని భద్రత కోసం, కొన్ని మన తృప్తి కోసం.

ఇది బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో కాల్చిన, నెక్, షోల్డర్ ఉన్న ఇత్తడి కేసుల గురించి. పౌడర్ ఎంత, బుల్లెట్ ఎంత లోతు అన్నది ఇక్కడ లేదు. అది ఎప్పుడూ పౌడర్ తయారీదారు మాన్యువల్ చూసే చేయాలి. ఇంకో మాట: రీలోడింగ్‌కు (కాల్చిన కేసును మళ్లీ నింపి వాడటానికి) మీరున్న చోట చట్టం, మీ చేతిలోని లైసెన్సు ఒప్పుకుంటాయో లేదో పని మొదలుపెట్టక ముందే తేల్చుకోండి.

కొలతలు అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతాను, ఎందుకంటే డైల మీద, గేజ్‌ల మీద ఉండేది అదే. షూటర్లు దాన్ని "థౌ" అంటారు. 1 థౌ అంటే 0.0254 మి.మీ.

కావలసినవి

- 1 థౌ వరకు నమ్మకంగా చూపే క్యాలిపర్, దానికి బిగించే షోల్డర్ కంపారేటర్. డబ్బు ఒక్కదానికే ఉంటే దీనికే పెట్టండి. ఇది లేకుండా చేసే సైజింగ్ అంతా ఊహే.
- ప్రెస్, షెల్ హోల్డర్ (ప్రెస్‌లో కేసు అడుగును పట్టే భాగం), ఫుల్ లెంగ్త్ సైజింగ్ డై. బుషింగ్ (నెక్‌ను నొక్కే, మార్చుకోగల రింగు) రకమైతే మంచిది, మామూలుదైనా పనవుతుంది.
- విడిగా ఒక డీక్యాపింగ్ డై, వాడిన ప్రైమర్‌ను (కేసు అడుగున పౌడర్‌ను అంటించే చిన్న మూత) తీసేది. మురికి కేసును సైజింగ్ డైలోకి పంపకుండా ఉండటానికి.
- కేస్ లూబ్, ట్రిమ్మర్, మూతి లోపల, బయట గీసే ఛాంఫర్ పనిముట్టు.
- శుభ్రం చేయడానికి టంబ్లర్. లేకపోతే గోరువెచ్చని సబ్బు నీళ్లు, ఓపిక.
- నెక్ లోపల పట్టే ఎక్స్‌పాండర్ మాండ్రెల్ (ఐచ్ఛికం).
- ఎనీలింగ్ చేస్తారనుకుంటే గ్యాస్ టార్చ్, ఉష్ణోగ్రత చూపే రంగు.
- నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, ఒక పేపర్ క్లిప్, ఒక నోటు పుస్తకం.

గ్లవ్స్ లాంఛనం కోసం కాదు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. పని చేసే బల్ల మీద టీ, టిఫిన్ వద్దు. అయ్యాక చేతులు చల్లని నీళ్లతో, సబ్బుతో కడగండి.

1. ముందు విడదీయండి

ఒకే తయారీ ముద్ర, ఒకే లాట్ (ఒకేసారి తయారైన గుంపు), అన్నే సార్లు కాల్చినవి మాత్రమే ఒక డబ్బాలో ఉండాలి. ఒకే క్యాలిబర్‌లో కూడా సైనిక కేసుల గోడలు మామూలు కేసుల కంటే మందంగా ఉండటం సాధారణం. లోపల ఖాళీ తగ్గితే అదే పౌడర్‌కు ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కలపడం గురికే కాదు, భద్రతకూ చెడ్డది.

ఎన్నిసార్లు కాల్చారో గుర్తులేని కేసుల్ని ఏం చేయాలని అడుగుతుంటారు. నేనైతే గురి పనికి వాడను. రేంజ్‌లో నేల మీద ఏరినవాటికీ అదే మాట: అవి ఎవరి ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) ఎంత సాగాయో ఎవరికి తెలుసు?

2. కడగక ముందే పరీక్షించండి

మసి చాలా సంగతులు చెబుతుంది, కడిగేస్తే ఆ సాక్ష్యం పోతుంది. ఒక్కో కేసు వెలుతురులో తిప్పుతూ చూడండి.

నెక్ మీద నిలువు చీలిక ఉంటే పారేయండి. ప్రైమర్ చుట్టూ నల్లటి వలయం కనిపిస్తే గ్యాస్ లీకైనట్టు, ఆ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) వదులైనట్టు. అదీ పారేయాల్సిందే.

అన్నిటికంటే ప్రమాదం అడుగున ఉంటుంది. రిమ్ (కేసు అడుగు అంచు) నుంచి సుమారు 6 నుంచి 10 మి.మీ. పైన, మందమైన అడుగు భాగం పలచటి గోడతో కలిసే చోట ఇత్తడి ప్రతిసారీ కొంచెం సాగి పలచబడుతుంది. చివరికి అక్కడే కేసు రెండుగా తెగుతుంది. బయట అక్కడ సన్నటి మెరిసే గీత కనిపిస్తే అనుమానించండి. కానీ సైజింగ్ డై అంచు కూడా దాదాపు ఆ ఎత్తులోనే ఒక మెరుపు వలయాన్ని వదులుతుంది. రెండిటినీ కంటితో విడదీయడం కష్టం.

అందుకే పేపర్ క్లిప్. దాన్ని నిటారుగా చేసి, కొసన 2 మి.మీ. లంబంగా వంచి, ఆ కొసను ఆకురాయితో సూదిగా చేయండి. కేసు లోపల అడుగుదాకా దించి, గోడకు ఆనించి మెల్లగా పైకి లాగండి. మంచి కేసులో కొస నున్నగా జారుకుంటూ వస్తుంది. పలచబడ్డ కేసులో ఒక చోట "టిక్" మని గాడిలో పడి ఆగుతుంది. ఒకసారి ఆ పట్టు చేతికి తెలిస్తే మళ్లీ మర్చిపోరు. ఒక లాట్‌లో ఒక్క కేసుకు ఈ గాడి దొరికినా మిగతావన్నీ ఇలాగే చూడండి.

3. ప్రైమర్ తీసి శుభ్రం చేయండి

డీక్యాపింగ్ డైతో వాడిన ప్రైమర్లు తీయండి. ఇక్కడ మూడు జాగ్రత్తలు.

కాలని ప్రైమర్ ఉన్న కేసు పొరపాటున వస్తే హ్యాండిల్ గట్టిగా కొట్టకండి. పక్కన పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, నింపాదిగా తీయండి.

కేసు అడుగులో చూస్తే ఒకటికి బదులు రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తే అది బెర్డన్ రకం. డీక్యాపింగ్ పిన్ను విరుగుతుంది. పక్కన పెట్టేయండి.

6 పీపీసీ, 6.5×47 లాపువా, .308 పాల్మా లాంటి చిన్న ప్రైమర్ కేసుల్లో కొన్నిటికి ఫ్లాష్ హోల్ (ప్రైమర్ మంట లోపలికి వెళ్లే రంధ్రం) 2 మి.మీ. కాకుండా 1.5 మి.మీ. ఉంటుంది. మామూలు పిన్ను అందులో ఇరుక్కుంటుంది. సన్న పిన్ను వేసుకోండి.

శుభ్రానికి మొక్కజొన్న కండె పొట్టుతో పొడి టంబ్లింగ్ గురి పనికి చాలు. నెక్ లోపల పలుచటి కార్బన్ పొర మిగులుతుంది. అది మిగలడమే మంచిది, బుల్లెట్ దిగేటప్పుడు సహజమైన లూబ్‌లా పనిచేస్తుంది. స్టీల్ పిన్నులతో తడి టంబ్లింగ్ చేస్తే కేసు కొత్తదానిలా వస్తుంది. కానీ నెక్ లోపల ఇత్తడి మరీ నగ్నంగా మారి బుల్లెట్‌ను అక్కడక్కడా పట్టుకుంటుంది. ఎక్కువ సేపు తిప్పితే కేసులు ఒకదానికొకటి కొట్టుకుని మూతి అంచులు కూడా మొద్దుబారతాయి. తడి పద్ధతే కావాలంటే సమయం తగ్గించండి, తర్వాత నెక్ లోపల గ్రాఫైట్ పొడి రాయండి.

సిట్రిక్ యాసిడ్ చిటికెడే వేయండి. ఎక్కువైతే కేసు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇత్తడిలో జింకు బయటికి పోయి రాగి పైకి తేలడం అది. ఇక అమ్మోనియా ఉన్న లోహపు పాలిష్ దగ్గరికి కూడా రానివ్వకండి. ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అమ్మోనియా లోలోపల పగలగొడుతుంది. పైకి తళతళలాడుతూనే ఉంటుంది.

తడి కేసులు పూర్తిగా ఆరాలి. వంటకు వాడే ఒవెన్‌లో ఆరబెట్టకండి, సీసం సంగతి గుర్తుందిగా. ప్రతి కేసునూ వెలుతురుకు ఎత్తి ఫ్లాష్ హోల్‌లోంచి చూడండి. పిన్నో, పొట్టు ముక్కో ఇరుక్కుని ఉంటుంది. ఉండదనుకున్న కేసులోనే ఉంటుంది.

4. ఎనీలింగ్ (రెండు మూడు కాల్పులకు ఒకసారైనా)

కేసు ఇత్తడి దాదాపు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. వంచిన కొద్దీ గట్టిపడుతుంది. కాల్చినప్పుడు విచ్చుకుని, డైలో ముడుచుకుని నెక్ క్రమంగా బిరుసెక్కుతుంది. అప్పుడు ఒకే డై ఒక్కో కేసుకు ఒక్కో కొలత ఇస్తుంది. వేడి చేసి నెక్, షోల్డర్‌లను మెత్తబరచడమే ఎనీలింగ్.

చీకటిగా ఉన్న గదిలో, పౌడర్, ప్రైమర్లు లేని బల్ల మీద చేయండి. కేసును లోతైన సాకెట్‌లో పెట్టి కార్డ్‌లెస్ డ్రిల్‌తో మెల్లగా తిప్పండి. టార్చ్ నీలి మంట కొసను నెక్, షోల్డర్ కలిసే చోట పెట్టండి. నెక్ లోపల 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర మారే రంగు, షోల్డర్‌కు 6 మి.మీ. కింద 240 డిగ్రీల దగ్గర మారే రంగు పూసి రెండు మూడు పనికిరాని కేసుల మీద సమయం కట్టుకోండి. పై రంగు మారాలి, కింది రంగు మారకూడదు. చాలా టార్చ్‌లకు 5 నుంచి 8 సెకన్లు పడుతుంది. చీకట్లో నెక్ మసక ఎరుపు ఇలా మొదలవుతుండగానే తీసేయాలి. కమ్మరి కొలిమిలోలా ఎర్రగా మెరిసిందంటే హద్దు దాటినట్టే.

హెచ్చరిక ఒక్కటే, కానీ పెద్దది. కేసు అడుగు భాగం ఎప్పుడూ మెత్తబడకూడదు. .308 విన్‌చెస్టర్‌కు నిర్దేశించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. దాన్ని మోసేది ఆ అడుగే. అది మెత్తబడితే మళ్లీ గట్టిపరిచే దారి మన దగ్గర లేదు. అడుగుదాకా వేడి పాకిందని అనుమానమొస్తే ఆ కేసును నలగ్గొట్టి పారేయండి.

నీళ్లలో వేయాలా వద్దా అని వాదించుకుంటారు. ఎలా చేసినా ఒకటే. ఉక్కులా ఇత్తడి నీళ్లలో గట్టిపడదు. నీళ్లు వేడి పాకడాన్ని ఆపుతాయి, అంతే. వేస్తే మళ్లీ ఆరబెట్టే పని ఒకటి.

ఫలితం చూడాలంటే పనికిరాని కేసు ఒకటి అదే సమయంతో వేడిచేసి, చల్లారాక నెక్‌ను కటింగ్ ప్లయర్‌తో కొంచెం నొక్కండి. వదిలేస్తే కాస్త వెనక్కి తెరుచుకోవాలి. మైనంలా నొక్కిన చోటే ఉండిపోతే ఎక్కువ కాలింది, సమయం తగ్గించండి. స్థిరంగా చేయలేనప్పుడు అసలు చేయకపోవడమే నయం. సగం కేసులు మెత్తగా, సగం బిరుసుగా ఉంటే మొదటికే మోసం.

5. లూబ్ రాయండి

లానోలిన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన స్ప్రే అయినా, వేళ్లతో రాసే మైనమైనా పర్వాలేదు. కేసు ఒంటి మీద అంతటా పలుచటి పొర చాలు. షోల్డర్ మీద వద్దు, అక్కడ చేరిన లూబ్‌కు పోయే దారి లేక ఇత్తడినే లోపలికి నొక్కి గుంట పెడుతుంది. స్ప్రే కొట్టాక ఆల్కహాల్ ఆరేదాకా రెండు నిమిషాలు ఆగండి.

ఆగకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక రాత్రి తొందరలో, తడి ఆరకముందే 20 కేసులు గబగబా సైజ్ చేసేయబోయాను. నాలుగోది డైలో సగందాకా వెళ్లి ఆగింది. ఇంకాస్త బలంగా నొక్కాను. రిమ్ ఊడి చేతికొచ్చింది, కేసు డైలోనే ఉంది. అడుగున రంధ్రం చేసి, మర తిప్పి, బోల్టు వేసి లాగేసరికి అర్ధరాత్రి దాటింది. హ్యాండిల్ ఎప్పటికంటే బరువుగా అనిపించిన క్షణమే ఆపి, వెనక్కి తీసి, మళ్లీ లూబ్ రాయండి.

6. షోల్డర్‌ను కొలిచి వెనక్కి తోయండి

ఇక్కడ తొందరపడకండి. ఈ వ్యాసంలో ఒకే భాగం గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

మీ రైఫిల్‌లో కాల్చి, ప్రైమర్ తీసేసిన 5 కేసుల్ని కంపారేటర్‌తో కొలవండి. ప్రైమర్ ఉంటే దాని పిన్ను దెబ్బ చుట్టూ ఉబ్బిన అంచు కొలతను పాడుచేస్తుంది. ఒక్కసారి మాత్రమే కాల్చిన కేసు ఛాంబర్ నిండా విచ్చుకోకపోవచ్చు, అందుకే వచ్చినవాటిలో పెద్ద కొలతను పట్టుకోండి. ఉదాహరణకు .308లో 1.629 అంగుళాలు వచ్చిందనుకుందాం. బోల్ట్ రైఫిల్‌కు అందులోంచి 1 నుంచి 2 థౌ తగ్గాలి, అంటే సైజ్ చేశాక 1.627 నుంచి 1.628. సెమీ ఆటోమేటిక్‌కు 3, 4 థౌ ఇస్తారు, అది దానంతట అది మూసుకోవాలి కాబట్టి.

డై పెట్టె మీద "షెల్ హోల్డర్‌కు తగిలాక ఇంకా పావు చుట్టు బిగించండి" అని రాసి ఉంటుంది. ఎవరి రైఫిల్‌లోనైనా మూసుకోవాలని రాసిన మాట అది. మీ ఛాంబర్‌లో దానివల్ల షోల్డర్ 6, 8 థౌ వెనక్కి పోవచ్చు. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి అంత మేరా సాగుతుంది, 2వ మెట్టులో చెప్పిన గాడి త్వరగా పుడుతుంది.

బదులుగా ఇలా చేయండి. ర్యామ్ (కేసును డైలోకి తోసే ప్రెస్ కడ్డీ) పైకి ఎత్తి, డై షెల్ హోల్డర్‌కు తగలకుండా ఇంకో పావు చుట్టు దూరం ఉండేలా మొదలుపెట్టండి. ఒక కేసు సైజ్ చేసి, లూబ్ తుడిచి, కొలవండి. కొలత తగ్గకపోగా 1.631, 1.632కి పెరిగితే కంగారుపడకండి. డై ఒంటిని నొక్కుతోంది, ఇత్తడి ఎటు పోవాలో తెలియక ముందుకు పాకింది, షోల్డర్‌కు డై ఇంకా తగల్లేదు. కొంచెం కొంచెం దించుతూ పోతే ఒక చోట కొలత వెనక్కి తిరుగుతుంది.

ఎంత కొంచెం? మామూలు డై మర అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక చుట్టుకు దాదాపు 71 థౌ, 1 థౌకు సుమారు 5 డిగ్రీలు. గోడ గడియారంలో ఒక నిమిషం గీత 6 డిగ్రీలు. డై మీద, ప్రెస్ మీద మార్కర్‌తో ఒక్కో గీత గీసుకుని, ఒక నిమిషం ముల్లు కదిలినంత తిప్పితే 1 థౌ కంటే కొంచెం ఎక్కువ దిగినట్టు. నేను ఇప్పటికీ మనసులో గడియారం పెట్టుకునే తిప్పుతాను. లాక్ రింగ్ బిగించేటప్పుడు డై కాస్త కదులుతుంది, బిగించాక మళ్లీ ఒకటి కొలవండి.

క్యాలిపర్ చెప్పింది రైఫిల్‌తో సరిచూడండి. తూటా లేని, ఖాళీ కేసుతో మాత్రమే. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్ను, ఎజెక్టర్ తీసేసి, సైజ్ చేసిన కేసు పెట్టి మూయండి. సైజ్ చేయని కేసుతో హ్యాండిల్ ఎక్కడో పట్టుకుంటుంది. సరిగ్గా సైజ్ అయిన కేసుతో దాని బరువుకే కిందికి జారుతుంది.

ర్యామ్ పైన రెండు క్షణాలు ఆపి వదిలితే కొలతలు ఇంకా దగ్గరగా వస్తాయి. ఒకే లాట్‌లో 1 థౌ తేడాలో వస్తే చాలా బాగున్నట్టు. 3, 4 థౌ తేడా వస్తే డైని తిట్టకండి. లూబ్ సమానంగా లేదు, లేదా కేసుల గట్టిదనం సమానంగా లేదు.

నెక్ సైజింగ్ మాత్రమే చేస్తే ఇత్తడి ఎక్కువ కాలం వస్తుంది కదా అంటారు. కొన్ని కాల్పుల తర్వాత బోల్ట్ బిగుసుకుంటుంది, అప్పుడు ఎలాగూ ఫుల్ లెంగ్త్ చేయాలి. మధ్యలో కొలతలన్నీ మారిపోతాయి. ప్రతిసారీ 1, 2 థౌ తోయడమే నాకు నచ్చిన దారి.

7. నెక్ పట్టు

బుల్లెట్ పెట్టిన తూటా నెక్ బయటి వ్యాసం కొలవండి. .308లో నెక్ గోడ 15 థౌ ఉంటే అది 0.338 వస్తుంది. దాని కంటే 2, 3 థౌ తక్కువ బుషింగ్ వేయండి, అంటే 0.336 లేదా 0.335. ఇత్తడి కొద్దిగా వెనక్కి విచ్చుకుంటుంది కాబట్టి రాసి ఉన్న కొలతను కాక, మీ కేసు మీద వచ్చిన కొలతను నమ్మండి.

బుషింగ్ నెక్‌ను బయటి నుంచి నొక్కుతుంది కాబట్టి గోడ మందంలో తేడాలన్నీ లోపలికి పోతాయి. ఆ తర్వాత .306 మాండ్రెల్‌ను నెక్ లోపలికి ఒకసారి దించితే లోపలి వ్యాసం సమానమవుతుంది, తేడాలు బయటికి వెళ్తాయి. బుల్లెట్‌కు కావలసింది లోపలిదే.

మామూలు డైలో ఉండే ఎక్స్‌పాండర్ బంతి తిరిగి పైకి వచ్చేటప్పుడు నెక్‌ను లాగుతుంది. కీచుమని శబ్దం వస్తే నెక్ వంకరపోతోందని అర్థం. డై మార్చే స్తోమత లేకపోతే బాధపడకండి. నెక్ లోపల నైలాన్ బ్రష్‌తో గ్రాఫైట్ రాస్తే సగం సమస్య తీరుతుంది.

8. ట్రిమ్, ఛాంఫర్

లూబ్ తుడిచేసి పొడవు కొలవండి (కింది అంకెలు అంగుళాల్లో). సైజింగ్ చేశాకే ట్రిమ్. ముందే చేస్తే సైజింగ్‌లో మళ్లీ పొడవు మారుతుంది.

- .223 రెమింగ్టన్: గరిష్ఠం 1.760, కత్తిరించాల్సింది 1.750
- 6.5 క్రీడ్‌మోర్: గరిష్ఠం 1.920, కత్తిరించాల్సింది 1.910
- .308 విన్‌చెస్టర్: గరిష్ఠం 2.015, కత్తిరించాల్సింది 2.005
- .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్: గరిష్ఠం 2.494, కత్తిరించాల్సింది 2.484

గరిష్ఠం దాటిన కేసు మూతి ఛాంబర్ చివరి అంచుకు తగిలి బుల్లెట్‌ను బిగించి పట్టుకుంటుంది. బుల్లెట్ వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గురి సంగతి తర్వాత, ఇది ముందు చూడండి.

ట్రిమ్ అయ్యాక మూతి లోపల, బయట రెండు మూడు తేలిక చుట్లు ఛాంఫర్ చేయండి. గోరుతో తడిమితే పొర తగలకూడదు, అంతే. కత్తిలా పదునెక్కేదాకా గీస్తే అంచు పలచబడి చీలుతుంది. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పు ఇదే, గీస్తుంటే హాయిగా ఉంటుంది మరి.

9. ప్రైమర్ పాకెట్, ఫ్లాష్ హోల్

పాకెట్‌లో మసిని బ్రష్‌తో తీయండి. సైనిక కేసుల్లో ప్రైమర్ చుట్టూ నొక్కిన అంచు ఉంటుంది, స్వేజ్ చేసి దాన్ని వెనక్కి తోయాలి. రీమర్‌తో తీస్తే అంచు వరకే, లోతుకు పోతే పాకెట్ వదులవుతుంది. ఫ్లాష్ హోల్‌ను పంచ్‌తో కొట్టిన కేసుల్లో లోపలివైపు చిన్న పొర మిగులుతుంది. దాన్ని కేసు జీవితంలో ఒక్కసారి తీస్తే చాలు. కొన్ని పనిముట్లు మూతి అంచును ఆధారం చేసుకుని లోతు లెక్కిస్తాయి కాబట్టి ట్రిమ్ తర్వాతే చేయండి.

ప్రైమర్ పెట్టేటప్పుడు వేలికి తెలిసే పట్టే మంచి గేజ్. అది 3 నుంచి 5 థౌ లోపలికి దిగాలి. బల్ల మీద కేసు నిలబెడితే ఊగకూడదు. పైకి తేలిన ప్రైమర్ గురినీ పాడుచేస్తుంది, బోల్ట్ మూసేటప్పుడు పేలే ప్రమాదమూ ఉంది. ఏ పట్టూ లేకుండా సులువుగా జారిపోయిందా, ఆ కేసు ఆయుష్షు అయిపోయింది.

10. చేస్తే చేయండి, లేకపోతే లేదు

నెక్ టర్నింగ్: బిగుతు నెక్ ఛాంబర్ ఉంటే తప్పదు. మామూలు ఛాంబర్‌కైతే ఎత్తైన చోట్ల గీస్తే చాలు, ఎక్కువ గీస్తే నెక్ మరీ వదులై త్వరగా చీలుతుంది.

తూకం వేసి విడదీయడం: బరువులో తేడా చాలావరకు రిమ్, ఎక్స్‌ట్రాక్టర్ గాడి దగ్గర ఉంటుంది, దానికి లోపలి ఖాళీతో సంబంధం లేదు. ఇత్తడి నీటికంటే ఎనిమిదిన్నర రెట్లు బరువు కాబట్టి, తేడా అంతా లోపలి గోడలోనే ఉందనుకున్నా 8 గ్రెయిన్ల (తూకంలో చిన్న కొలత) తేడా ఒక గ్రెయిను నీళ్లు పట్టే ఖాళీకి కూడా సరిపోదు. గుంపులోంచి బాగా ఎడంగా ఉన్న ఒకటి రెండు తీసేసి ఊరుకోండి. నేను ఒకప్పుడు 200 కేసులు పది గుంపులు చేశాను. లక్ష్యం మీద ఒక్క గుంపునూ గుర్తుపట్టలేకపోయాను.

పని కుదిరిందో లేదో ఎలా చూడాలి

లాట్ నుంచి చేతికొచ్చిన 10 కేసులు తీయండి. షోల్డర్ 1 థౌ తేడాలో, పొడవు 2 థౌ తేడాలో ఉండాలి. రన్‌ఔట్ గేజ్ (నెక్ వంకరను చూపేది) ఉంటే నెక్ ఊగడం 2, 3 థౌ లోపు మంచిది. 5 దాటితే ముందుగా ఎక్స్‌పాండర్‌ను అనుమానించండి.

తర్వాత బుల్లెట్లు పెట్టేటప్పుడు చేతిని గమనించండి. పదింటిలో తొమ్మిది ఒకేలా దిగి ఒకటి గరగరమంటే దాన్ని గుర్తుపెట్టి పక్కన ఉంచండి, వార్మప్ తూటాగా వాడండి. ఖరీదైన గేజ్ చెప్పని సంగతులు చాలాసార్లు ప్రెస్ హ్యాండిల్ చెబుతుంది.

కొత్తగా చేర్చిన ఒక మెట్టు నిజంగా పనిచేస్తోందా అన్నది 3 తూటాల గ్రూపుతో తేలదు. ఆ పని చేసినవి 10, చేయనివి 10, మిగతా అంతా ఒకటే ఉండేలా తయారుచేసి, ఒకటి ఇది, ఒకటి అది చొప్పున రెండు లక్ష్యాల మీద మార్చి మార్చి కాల్చండి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే అదీ రాసుకోండి. తేడా కనిపించకపోతే ఆ మెట్టు మానేయండి, సాయంత్రాలు మిగులుతాయి.

తరచూ అడిగే ఇబ్బందులు

*సైజ్ చేసినా బోల్ట్ బిగుసుకుంటోంది.* షోల్డర్ కొలవండి. అది సరిగ్గా ఉంటే పొడవు చూడండి. అదీ సరే అయితే కేసు ఒంటికి మార్కర్ పూసి ఛాంబర్‌లో పెట్టి తీయండి, రంగు చెరిగిన చోటే తగులుతోంది.

*షోల్డర్ మీద గుంటలు.* లూబ్ ఎక్కువైంది, లేదా డై గాలి రంధ్రం మూసుకుపోయింది. చిన్న గుంటలు కాలిస్తే పోతాయి. పదునైన మడత పడితే పారేయండి.

*నిన్న సరిగ్గా ఉన్న డై ఇవాళ 2 థౌ తేడా ఇస్తోంది.* డై మారలేదు, కేసులు మారాయి. వేరే లాటో, ఇంకో కాల్పు ఎక్కువో, ఎనీలింగ్ చేసినవో చేయనివో. లాట్ మారిన ప్రతిసారీ మళ్లీ కొలవాల్సిందే.

*ఎన్నిసార్లు వాడొచ్చు?* అంకె చెప్పలేను, మీ ఛాంబర్, మీ లోడ్ మీద ఉంటుంది. నెక్ చీలికలు మొదలైతే ఎనీలింగ్‌లో లోటు, మిగతావాటిని కాపాడుకోవచ్చు. ప్రైమర్లు వదులుగా దిగుతున్నా, క్లిప్‌కు గాడి తగులుతున్నా ఆ లాట్ పని అయిపోయినట్టే.

డబ్బా మీద లాట్, కాల్పుల సంఖ్య, ఎనీలింగ్ చేసిన సారి, షోల్డర్ కొలత రాసి అంటించండి. పారేయాలని తేల్చిన కేసు మూతిని అప్పుడే, ఆ బల్ల దగ్గరే ప్లయర్‌తో నలిపేయండి. చెత్తబుట్ట పక్కన పెట్టిన చీలిక కేసు వారం తిరిగేసరికి మంచి కేసుల డబ్బాలో కనిపించడం నాకు రెండుసార్లు జరిగింది.